వాయనం వెళ్ళిన ఉపగ్రహం

ఆ శ్రావణ శుక్రవారానికి సీతామహాలక్ష్మి గారు వేసుకున్న పథకం చాలా సాదాగా ఉంది. ఐదింటికి తలంటు, ఏడింటికి వరలక్ష్మీ వ్రతం, పది నుంచి పన్నెండు దాకా పేరంటం. నిజానికి పేరంటం సాయంత్రం పెట్టుకోవడం ఆవిడకి అలవాటు. కానీ ఆ సాయంత్రం నాలుగింటికి కూతురు హైందవి తయారుచేసిన ఉపగ్రహాన్ని పరీక్షించి పట్టుకెళ్ళడానికి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. పేరంటాళ్ళూ ఇన్‌స్పెక్టరూ ఒకే పూట వస్తే ఎవరికి ముందు మర్యాద చెయ్యాలన్న గొడవ వస్తుందని పేరంటాన్ని పొద్దున్నకి జరిపారు.

ఉపగ్రహం అనగానే మరీ పెద్దగా ఊహించుకోనక్కరలేదు. ఇటుక కన్నా కాస్త లావు, పెట్టెతో సహా రెండు కిలోల ఆరువందల పది గ్రాముల బరువు. హైదరాబాదు చెరువుల్లో నీళ్ళెన్ని మిగిలాయో, అసలు చెరువులెన్ని మిగిలాయో పైనుంచి చూసి చెప్పడం దాని పని. హైందవి, ఆమె స్నేహితుడు ఆషెర్ ఉద్యోగాలు మానేసి నాలుగేళ్ళు దాని మీదే కూర్చున్నారు. అమీర్‌పేటలో గోడ కనబడకుండా కోచింగ్ సెంటర్ల బోర్డులు వేలాడే వీధిలో, మూడో అంతస్తు ఫ్లాటులో, వెనక పడగ్గదే వాళ్ళ ప్రయోగశాల. గుమ్మానికి ప్లాస్టిక్ కర్టెను, లోపల రాత్రింబవళ్ళు ఏసీ. దుమ్ము పడకూడదు కాబట్టి టోపీ, గ్లవుజులు లేనిదే ఎవరూ లోపలికి పోకూడదు. సీతామహాలక్ష్మి గారి చీరల బీరువా కదలనని మొండికేసి ఆ గదిలోనే ఉండిపోవడంతో, ఆవిడకి చీర కావాలంటే హైందవే టోపీ పెట్టుకుని వెళ్ళి తెచ్చిచ్చేది. ఆవిడ మాత్రం నాలుగేళ్ళుగా కర్టెనుకి ఇవతలే నిలబడి, "ఆకుపచ్చది కాదే, దాని కింద మామిడి పిందెల అంచుది" అని చెబుతూ ఉండేవారు.

దీన్ని పంపే పద్ధతిని ఆవిడ అపార్ట్‌మెంటు ఆడవాళ్ళకి ఇలా వివరించేవారు. "నేల మీంచి లేచే రాకెట్టు కాదమ్మా ఇది. పెద్ద విమానం ఉంటుంది. దాని కడుపు కింద రాకెట్టు కట్టుకుని పైకి పోతుంది. అక్కడ గాల్లో వదిలేస్తుంది. అప్పుడది అంటుకుని పైకి పోతుంది. ఆ రాకెట్టు ముక్కులో మా అమ్మాయి డబ్బా ఉంటుంది." ఇంతకన్నా బాగా ఆషెర్ కూడా చెప్పలేడు.

ఆ విమానంలో చోటు దొరకడమే గగనం. ఇది తప్పితే మళ్ళీ ఖాళీ రెండేళ్ళ తరవాతే. రెండేళ్ళు ఆగేంత ఓపిక హైందవికి ఉందేమో కానీ, ఆమె కంపెనీకి లేదు. పైగా ప్రయోగించే కంపెనీ వారి ఇన్‌స్పెక్టర్ చక్రపాణి మహా నిక్కచ్చి మనిషి. ఒకే ఒక్క నియమాన్ని పదకొండు మెయిళ్ళలో పదకొండు సార్లు రాశాడు. ఉపగ్రహాన్ని పెట్టెలో పెట్టి సీలు వేశాక, శిక్షణ పొందిన ఇద్దరు తప్ప మూడో మనిషి చెయ్యి పడితే అది విమానం ఎక్కదు. పదకొండో మెయిల్లో మాత్రం, తప్పు చేసిన ఉద్యోగులకి వేసే శిక్షలు కూడా చేర్చాడు.

పెట్టెకి గురువారమే సీలు పడింది. దుమ్మూ విద్యుత్తూ సోకకుండా పైన వెండి రంగు కవరు, దాని మీద ఎర్ర రిబ్బను. 'ఎగిరే ముందు తీసెయ్యాలి' అని ఆ రిబ్బను మీద ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో రాసి ఉంది. శుక్రవారం పది గంటలకి ఆషెర్, ఇన్‌స్పెక్టర్ వచ్చేలోపు గదిలో బల్లని చివరిసారి తుడవాలనుకున్నాడు. పెట్టెని తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. ఐదే నిమిషాలు అనుకున్నాడు. ఈ దేశంలో కొంపలు మునిగినవన్నీ ఆ ఐదు నిమిషాల్లోనే.

డైనింగ్ టేబుల్ మీద అప్పటికే ఇరవయ్యొక్క పెట్టెలున్నాయి. సీతామహాలక్ష్మి గారు పేరంటాళ్ళకి ఇవ్వడానికి బేగంబజారు నుంచి తెప్పించిన హాట్‌ప్యాకులు. ఒక్కొక్కదానికీ వెండి రంగు కాగితం, ఎర్ర రిబ్బను.

పదకొండున్నరకి ఆషెర్, టేబుల్ మీంచి గదిలోకి తెచ్చుకున్న పెట్టెని త్రాసు మీద పెట్టి హైందవిని పిలిచాడు.

"హైందవీ, శాటిలైట్ బరువు తగ్గింది."

"ఎంత?"

"కిలో ఏడువందల నలభై గ్రాములు."

"త్రాసు పాడైందేమో చూడు."

కిలో కందిపప్పు పాకెట్ తెచ్చి తూచారు. త్రాసు నిక్షేపంలా ఉంది. ఇక తప్పక పెట్టె విప్పారు. లోపల ఎర్ర పువ్వుల హాట్‌ప్యాకు, దాంట్లో 'మైక్రోవేవ్‌లో పెట్టరాదు' అన్న చీటీ ఉన్నాయి. హైందవి ఆ చీటీని రెండుసార్లు చదివింది. అంతకన్నా ఏం చెయ్యాలో ఆమెకి తోచలేదు.

హాల్లో ఆఖరి పేరంటాలికి శనగలు పోస్తున్న సీతామహాలక్ష్మి గారిని వంటింట్లోకి పిలిచి అడిగారు.

"ఒకటి బరువుగానే ఉందే! షాపువాడు పొరపాటున ఒకదాంట్లో రెండు పెట్టాడనుకున్నా. పోయినేడు పై ఫ్లాటు రవళి నాకు పట్టు జాకెట్టు ముక్క పెట్టింది కదా, తనకి తక్కువ చేస్తే బాగుండదని అది తనకిచ్చా. ఏం, ఏమైంది?"

"అమ్మా, అది నా శాటిలైట్!"

సీతామహాలక్ష్మి గారి చేతిలో గరిటె ఆగిపోయింది. "అయ్యో నా తల్లీ! బొట్టు కూడా పెట్టి ఇచ్చానే!"

"దేనికి?"

"రవళికేనే!"

హైందవి కొంత ఊపిరి పీల్చుకుంది. రవళి అదే వీధిలో ఒక కోచింగ్ సెంటర్లో జావా చెబుతుంది. ఫోను చేస్తే పాఠం మధ్యలో ఎత్తింది. ఉపగ్రహం పోయిందన్న మాట బయటికి పొక్కి ఇన్‌స్పెక్టర్ చెవిన పడితే కథ కంచికే. అందుకని హైందవి తెలివిగా మాట్లాడాననుకుని ఇలా మాట్లాడింది.

"రవళక్కా, పొద్దున అమ్మ ఇచ్చిన గిఫ్టు ఉంది చూడు, అది పొరపాటున ఇచ్చేసింది. మళ్ళీ కావాలి. ఇప్పుడే."

అవతల రవళి పాఠం ఆపేసింది.

"ఏందీ? ఇచ్చిన వాయనం వాపసు అడుగుతున్నరా?"

"అలా కాదక్కా, అది కొంచెం విలువైంది."

"ఓహో, నాకు విలువైంది ఇయ్యొద్దన్నట్టు! గట్లనా! ఐనా అది నా దగ్గర లేదు. మా ఆఫీసుల జీవమణి మేడంది ఇయ్యాల రిటైర్‌మెంట్. ఆమెకిచ్చేసిన. సుఖంగ ఉంటదని మస్తు మంచిగ మాట్లాడి ఇచ్చిన. ఇప్పుడు నేను పోయి ఆమెను వాపసు అడగాల్నా?"

"వద్దక్కా. ఆవిడ నంబరు ఇవ్వు చాలు."

పక్కన నిలబడ్డ ఆషెర్ నీరసంగా అన్నాడు. "నంబరు నా దగ్గరుంది. ఆవిడ మా అమ్మ."

జీవమణి గారు ఫోనెత్తేసరికి ఒకటిన్నర దాటింది. ఆషెర్ స్పీకరు పెట్టాడు. వెనక బస్సు హారన్లు వినిపిస్తున్నాయి. వీడ్కోలు సభ పదకొండుకే అయిపోయిందనీ, సాయంత్రం కేకు మర్చిపోకుండా తెమ్మనీ చెప్పాకగానీ కొడుకుని నోరు తెరవనివ్వలేదు.

"రవళి ఇచ్చిన గిఫ్టా? అది ఇందుమతికి ఇచ్చేశాన్రా. ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో ఉంటుంది చూడు, నాతో పాటు పనిచేసేది. ఏటా నన్ను పేరంటానికి పిలుస్తుంది. మనం ఆ పూజలవీ చేయం కదా అని ఉత్తి చేతులతో ఎలా వెళ్తాను? బరువు చూస్తే గాజు డిన్నర్ సెట్టులా ఉంది. పగులుతుందేమోనని ఆటోలో చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళా."

"విప్పి చూశావా మమ్మీ?"

"పిచ్చోడా, విప్పితే ఇంకొకరికి ఎలా ఇస్తాను?"

ఆ మాటకి సీతామహాలక్ష్మి గారు తనకి తెలియకుండానే ఔనన్నట్టు తలూపారు. ఏ మతం వారైనా, ఏ పేటలో ఉన్నా, ఈ ఒక్క విషయంలో అందరిదీ ఒకే ధర్మం. విప్పిన గిఫ్టు ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. విప్పనిది ఊరంతా తిరుగుతుంది.

ఇందుమతి గారి ఫోను మోగుతోంది కానీ ఎవరూ ఎత్తడం లేదు. రెండు దాటింది. హైందవి, ఆషెర్ కిందికి దూకినంత పని చేసి మొగిలయ్య అనే ఆయన ఆటో ఎక్కారు. పంజాగుట్ట చౌరస్తా దగ్గర బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి ఉన్నాయి. హైందవి గోళ్ళు కొరకడం అద్దంలో చూసి మొగిలయ్యకి జాలేసింది.

"ఏం పోయింది మేడం?"

"ఒక డబ్బా అన్నా."

"లోపల ఏమున్నది?"

అబద్ధాలాడే ఓపిక హైందవికి పొద్దున్నే అయిపోయింది. "శాటిలైట్."

"ఇంటి మీద పెడతరు గా గొడుగా?"

"దాని కన్నా కొంచెం పైన పెడతాం."

"జర ఫికర్ జెయ్యకుండ్రి. గీ సిగ్నల్ దాటితే చాలు, ఇంక సక్కగ పోతం. పొద్దుగాల నుంచి గసొంటి వెండి డబ్బాలు పట్టుకొని మస్తుమంది ఎక్కిన్రు నా బండి. అందరు సుత మీ లెక్కనే పరేషాన్ మీద ఉన్నరు."

ఆ సిగ్నల్ దాటడానికి నలభై నిమిషాలు పట్టింది. క్వార్టర్స్‌కి చేరేసరికి ఇందుమతి గారి తలుపుకి తాళం. తాళం వెనక నుంచి ఫోను మోగుతూ వినిపిస్తోంది. చేసేది హైందవే. కిటికీ సందులోంచి ఆషెర్ తొంగి చూశాడు. దేవుడి మందసం, సోఫా, వరసగా కొబ్బరికాయలు కనిపించాయి. వెండి రంగు పెట్టె మాత్రం కనిపించలేదు.

"ఎవరు గావాలె?" అంటూ వాచ్‌మన్ ఐలయ్య వచ్చాడు. "ఇందుమతమ్మనా? తమ్ముడొచ్చిండు. అన్నం తినిపిచ్చి, ఆయనను ఆటో ఎక్కిచ్చి, ఆమె గుడికి పోయింది. పొద్దుగూకినంక వస్తది."

పొద్దుగూకాక ఉపగ్రహంతో ఏం పని? హైందవికి ఏడుపొచ్చింది. ఆ మెట్ల మీదే కూర్చుని నిజంగానే ఏడ్చింది. నాలుగేళ్ళలో సర్క్యూట్లు కాలిపోయినప్పుడు ఏడవలేదు, సనత్‌నగర్ షెడ్డులో ఊపే యంత్రం మీద పెడితే మరలు ఊడిపోయినప్పుడు ఏడవలేదు. ఆషెర్ ఓదార్చడానికి మాటలు వెతుక్కుని, దొరక్క, "ఆటో వెయిటింగ్‌లో ఉంది" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అక్కడ ఇంకో ప్రళయం. రవళి కోపం రవళి దగ్గర ఆగలేదు. 'సీతామహాలక్ష్మి ఆంటీ ఇచ్చిన వాయనాలు వాపసు అడుగుతున్నరు, చూసుకోండి' అని అపార్ట్‌మెంటు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మానవంతులైన పేరంటాళ్ళు అడిగించుకోకముందే ఇచ్చేద్దామని, ఒక్కొక్కరే వచ్చి, హాట్‌ప్యాకులు టేబుల్ మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయారు. ఒకావిడైతే శనగలు కూడా తిరిగి తెచ్చింది. అప్పటికే తాలింపు వేసేసినందుకు క్షమాపణ చెప్పుకుంది.

పదిహేడు వెండి పెట్టెల మధ్య సీతామహాలక్ష్మి గారు పట్టుచీరలో దిగాలుగా కూర్చుని ఉన్నారు.

"దొరికిందా?"

"లేదు." హైందవి ఎదురుగా ఉన్న పెట్టెని పక్కకి తోసింది. "ఒక్కసారి చూసి ఇవ్వలేవా అమ్మా? నా నాలుగేళ్ళ కష్టాన్ని హాట్‌ప్యాకు అనుకున్నావా?"

"అనుకున్నానే. ఏం చెయ్యను మరి?" అన్నారావిడ. కోపం కాదది, అంతకన్నా పాతది ఏదో. "నాలుగేళ్ళుగా నువ్వు దాన్ని నాకెప్పుడైనా చూపించావా? నా ఇంట్లో నా గదికి కర్టెను కట్టి బయటే నిలబెట్టావు. అది తెల్లగా ఉంటుందో నల్లగా ఉంటుందో నాకేం తెలుసు? నోటికొచ్చినట్టు అందరికీ గొప్పలు చెప్పుకున్నానే తప్ప, దాని మొహం చూశానా నేను?"

హైందవి కర్టెను వైపు చూసింది. నిజంగానే చూపించలేదు. టోపీలు రెండే కొన్నారు.

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. సరిగ్గా నాలుగు.

చక్రపాణికి నలభై ఐదేళ్ళుంటాయి. జేబులో మూడు రంగుల పెన్నులు, చంకలో ఫైలు, చేతిలో ఒక గుడ్డ సంచి. గుమ్మంలో చెప్పులు విడిచి, వాటిని సరళరేఖలో పెట్టి, లోపలికి వచ్చాడు. హాల్లో వెండి పెట్టెల్ని చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"మీరు ఒక్క ఉపగ్రహమే అన్నారు కదండీ?"

"అవి వాయనాలండి" అన్నాడు ఆషెర్.

"ఓ, మీ ఇంట్లోనూ వ్రతమేనా! మంచిదయింది." ఆయన సంచి సీతామహాలక్ష్మి గారి చేతికిచ్చాడు. "మా అక్కయ్యది ఇక్కడే, ఎర్రమంజిల్ క్వార్టర్స్. పొద్దున్నే దిగి అక్కడే భోజనం చేశానండి. శ్రావణ శుక్రవారం పూట ఆడవాళ్ళున్న ఇంటికి ఉత్తి చేతులతో వెళ్తావా అని చివాట్లు పెట్టి ఇది ఇచ్చింది. ఏముందో నాకు తెలియదు. ఆటోలో కాళ్ళ దగ్గర పెట్టబోతే, వెండి కుందులేమోరా, ఒళ్ళో పెట్టుకో అంది. సరే, పని చూద్దామా? ఉపగ్రహం ఎక్కడ?"

హైందవి ఆషెర్ వంక చూసింది, ఆషెర్ నేల వంక చూశాడు.

సీతామహాలక్ష్మి గారు మాత్రం సంచి అందుకోగానే కదలకుండా నిలబడిపోయారు. పొద్దున్నించీ ఇరవయ్యొక్క పెట్టెలు అందించి, పదిహేడు పెట్టెలు తిరిగి అందుకున్న చేతులవి. ఆవిడ సంచితో సహా వెనక గది వైపు నడిచారు. కర్టెను దగ్గర ఆగి, "టోపీ ఏదే?" అన్నారు.

హైందవి తన టోపీ తీసి ఇచ్చింది. నాలుగేళ్ళ తరవాత మొదటిసారి సీతామహాలక్ష్మి గారు తన సొంత పడగ్గదిలోకి, కొప్పు మీద టోపీతో, ప్రవేశించారు. సంచిలోంచి వెండి రంగు పెట్టె తీసి, త్రాసు మీద పెట్టారు.

రెండు కిలోల ఆరువందల పది గ్రాములు.

"ఇదిగో నీ ఉపగ్రహం" అన్నారు.

చక్రపాణి కర్టెను బయట నుంచి అదంతా చూశాడు. ముందు అంకె చూశాడు, తరవాత ఎర్ర రిబ్బను మీద అక్షరాలు చదివాడు, తరవాత బల్ల మీది తన ఖాళీ సంచి చూశాడు.

"ఇది... మా అక్కయ్య ఇచ్చిన గిఫ్టు కదండీ?"

"అవునండి" అంది హైందవి. ఇక దాచి లాభం లేదని పొద్దున్నించి జరిగిందంతా చెప్పేసింది.

చక్రపాణి మొహం గట్టిపడింది. "సారీ అమ్మా. నియమం నియమమే. ఇది విమానం ఎక్కదు." ఫైలు తెరిచి, ఎర్ర పెన్ను తీసి, అందుకు ప్రత్యేకించిన కాగితం పైకి లాగాడు. "అనధికారంగా ముట్టుకున్నవాళ్ళ పేర్లు వరసగా చెప్పండి."

"మా అమ్మ, తరవాత రవళి" అంది హైందవి. రాశాడు.

"జీవమణి. మా అమ్మ" అన్నాడు ఆషెర్. రాశాడు.

"తరవాత?"

సీతామహాలక్ష్మి గారే మెల్లగా అందించారు. "మీ అక్కయ్యగారు."

పెన్ను ఆగింది. "తరవాత?" అన్నాడు చక్రపాణి, అలవాటు కొద్దీ.

"తరవాత మీరేనండి" అన్నాడు ఆషెర్. "అన్నట్టు, పెట్టె ఏదో చూసుకోకుండా రోడ్డు మీద తీసుకెళ్ళిన ఉద్యోగిని ఆర్నెల్లు విధుల నుంచి తప్పించాలని మీ పదకొండో మెయిల్లో ఉంది."

ఆ నియమం రాసింది చక్రపాణే. రాసినప్పుడు చాలా గర్వపడ్డాడు కూడా. ఇప్పుడు కాగితం మీద రాసిన పేర్లు మళ్ళీ చదువుకున్నాడు. రెండు రోజుల్లో రాఖీ పౌర్ణమి. అక్కయ్య పేరు ఎర్ర సిరాతో రాసి, ఆమె చేతికే రాఖీ కట్టించుకోవడానికి వెళ్ళే ధైర్యం ఆయనకి లేదు. ఆయన ఎర్ర పెన్నుకి మూత పెట్టి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"సీలు చూద్దాం" అన్నాడు.

సీలు చెక్కుచెదరలేదు. వెండి కవరు కత్తిరించి చూశారు. లోపల పెట్టెకి అంటించిన బిళ్ళ ఒకటుంది. ఏ కాస్త గట్టిగా కుదుపు తగిలినా అది ఎర్రబడుతుంది. హైందవి ఒక కన్ను మూసుకుని రెండో కంటితో చూసింది. బిళ్ళ తెల్లగా ఉంది, మల్లెపువ్వంత తెల్లగా. అమీర్‌పేట గుంతలు, పంజాగుట్ట చౌరస్తా, మూడు ఇళ్ళు, రెండు ఆటోలు దాటినా దానికి ఈగ వాలిన ఆనవాలు లేదు. ఎందుకుంటుంది? ఇంకొకరికి ఇవ్వాల్సిన గిఫ్టుని మోసినంత భద్రంగా మన ఊళ్ళో ఎవరూ ఏదీ మొయ్యరు.

గంటన్నర సేపు చక్రపాణి దాన్ని అన్ని విధాలా పరీక్షించాడు. వైర్లు తగిలించి అడిగిన ప్రశ్నలన్నిటికీ ఉపగ్రహం బుద్ధిగా జవాబులు చెప్పింది. చివరికి ఆయన ఆకుపచ్చ పెన్నుతో సంతకం పెట్టాడు.

"ఇరవై మూడేళ్ళుగా ఈ పని చేస్తున్నా. ఇంత జాగ్రత్తగా చేరవేసిన ఉపగ్రహాన్ని నేను చూడలేదు" అన్నాడు. అన్నాక, ఎవరు చేరవేశారో గుర్తొచ్చి ఇబ్బందిగా దగ్గాడు.

కొత్త వెండి కవరు వేసే ముందు హైందవి ఒక్క నిమిషం ఆగమంది. తల్లికి గ్లవుజులు తొడిగి, దగ్గరికి పిలిచి, "అమ్మా, చూడు" అంది. సీతామహాలక్ష్మి గారు ఉపగ్రహాన్ని ఎదురుగా, పక్కనుంచి, పైనుంచి చూశారు. కళ్ళు తుడుచుకుందామంటే చేతులకి గ్లవుజులున్నాయి.

"నల్లగా ఉంటుందనుకున్నానే. బంగారంలా ఉంది" అన్నారు.

ఆరింటికి చక్రపాణి పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కంపెనీ పంపిన కారెక్కాడు. ఉత్తి చేతులతో పంపడం మర్యాద కాదని సీతామహాలక్ష్మి గారు ఆయనకి ఒక హాట్‌ప్యాకు ఇచ్చారు. మిగిలిన పదహారూ, బజారు నుంచి తెప్పించిన మరో రెండూ పట్టుకుని ఆ రాత్రే గుమ్మం గుమ్మానికీ తిరిగి, రవళి దగ్గర మొదలుపెట్టి, అందరికీ మళ్ళీ బొట్టు పెట్టి ఇచ్చి వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరూ విప్పలేదు కూడా.

మూడు నెలల తరవాత ఒక విమానం కడుపు కింద రాకెట్టుతో లేచి, సముద్రం మీద దాన్ని వదిలింది. ఆ సాయంత్రం ఉపగ్రహం నుంచి మొదటి సంకేతం రాగానే హైందవి, ఆషెర్ కేకలు పెట్టారు. సీతామహాలక్ష్మి గారు మాత్రం పేరంటాల్లో ఎవరు ఏం పెట్టారో రాసుకునే పాత నోటుపుస్తకం తీసి, ఆ శ్రావణ శుక్రవారం పేజీలో చివరి వరస మరోసారి చదువుకున్నారు.

'ఎర్రమంజిల్ ఇందుమతి గారు: ఉపగ్రహం, ఒకటి. పై ఏడు ఆవిడకి అంతకు తక్కువ కాకుండా పెట్టాలి.'